కీస్ట్రోకులు లెక్కపెడితే ఎడిటింగ్ ఖర్చు తెలుస్తుందా?

తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను నాలుగు ముక్కల్లో చెబుతాను. బెంగళూరు బెళ్లందూరులో మీది బ్యాకెండ్ టీమ్. కోడ్ రాయడానికి సగం మంది విమ్ అనే ఎడిటర్ వాడతారు, అందులో దాదాపు అంతా కీబోర్డు కమాండ్లతోనే. సగం మంది మౌస్‌తోనూ నడిచే వీఎస్ కోడ్. లంచ్ టేబుల్ దగ్గర రోజూ ఇదే వాదన. దాంతో మీ మేనేజర్ "రెండు వారాలు అందరి కీస్ట్రోకులూ లెక్కపెడదాం, ఎవరు తక్కువ కీలతో పని ముగిస్తే వాళ్ల ఎడిటరే అందరికీ" అన్నారు. ఇది సరైన కొలతేనా, కాకపోతే దేన్ని కొలవాలి అని మీరు అడుగుతున్నారు.

సరైన కొలత కాదు. ఎడిటింగ్‌లో ఖరీదైన భాగం మనం ఆగే క్షణాల్లో ఉంటుంది: ఎక్కడికి వెళ్లాలో అనుకునేటప్పుడు, ఏ కమాండ్ వాడాలో తేల్చుకునేటప్పుడు, చేసింది సరిగ్గా పడిందా అని చూసుకునేటప్పుడు. ఆ క్షణాల్లో కీ ఒక్కటీ పడదు, కాబట్టి మీ మేనేజర్ గారి లెక్కలో అవి సున్నా. ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డు జంక్షన్ ఎన్ని కిలోమీటర్లో తెలిసినంత మాత్రాన అక్కడికి ఎప్పుడు చేరతామో చెప్పలేం కదా, ఇదీ అంతే.

దీనికి మంచి పునాది 1980లోనే పడింది. జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పనిచేసిన స్టువర్ట్ కార్డ్, టామ్ మొరాన్, వాళ్లతో పాటు కార్నెగీ మెలన్ ప్రొఫెసర్ అలెన్ న్యూవెల్ కలిసి ‘కీస్ట్రోక్ లెవెల్ మోడల్’ అనే పద్ధతిని ప్రచురించారు. పేరులో కీస్ట్రోక్ ఉన్నా, అందులో కీ నొక్కడం ఒక అంశం మాత్రమే. నిమిషానికి 55 పదాలు కొట్టేవాళ్లకి ఒక కీకి 0.2 సెకన్లు. 90 పదాలవాళ్లకి 0.12. అర్థంపర్థం లేని సంక్లిష్టమైన కోడ్‌లు కొట్టేటప్పుడు 0.75 దాకా వెళుతుంది. చెయ్యి కీబోర్డు నుంచి మౌస్ మీదికి, లేదా మౌస్ నుంచి కీబోర్డు మీదికి మారడానికి 0.4. మౌస్‌తో గురిపెట్టడానికి సగటున 1.1. ఒక అడుగు వేసే ముందు మనసు సిద్ధం కావడానికి 1.35. వీటన్నిటి మీద సిస్టమ్ స్పందించడానికి పట్టే టైం అదనం.

1.35ని 0.2తో భాగించి చూడండి. ఒక్కసారి "ఇప్పుడేం చేయాలి" అని ఆగితే దాదాపు ఏడు కీలు కొట్టినంత టైం పోతుంది.

ఒక చిన్న పని తీసుకుని లెక్క వేద్దాం. కర్సర్ ఫైల్ పైభాగంలో ఉంది. పన్నెండు వరుసల కింద ‘రేట్’ అనే వేరియబుల్ పేరును ‘నెట్‌రేట్’ చేయాలి. ఇంగ్లీషు స్పెల్లింగులో కొత్త పేరు ఏడు అక్షరాలు. మౌస్ వాడేవాళ్ల లెక్క ఇలా ఉంటుంది: చెయ్యి మౌస్ మీదికి 0.4, ఎక్కడ నొక్కాలో అనుకోవడం 1.35, గురిపెట్టడం 1.1, డబుల్ క్లిక్ 0.4, చెయ్యి తిరిగి కీబోర్డు మీదికి 0.4, ఏడు అక్షరాలకు 1.4. మొత్తం 5.05 సెకన్లు. నొక్కినవి క్లిక్కులతో కలిపి తొమ్మిది.

అదే పని విమ్‌లో కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు చేస్తే: ఏం వెతకాలో అనుకోవడం 1.35. వెతకడం మొదలుపెట్టే స్లాష్, పదంలో మూడు అక్షరాలు, ఎంటర్ కలిపి ఐదు కీలు, 1.0. సరైన చోటే దిగామా అని చూసి కమాండ్ గుర్తుచేసుకోవడం మళ్లీ 1.35. పదాన్ని మార్చే ‘సి డబ్ల్యూ’ 0.4. ఏడు అక్షరాలు 1.4. టైపింగ్ ముగించే ఎస్కేప్ 0.2. మొత్తం 5.7 సెకన్లు. నొక్కినవి పదిహేను.

తొమ్మిదికి, పదిహేనుకి ఎంత తేడా ఉందో చూడండి. టైంలో మాత్రం తేడా అర సెకను పైచిలుకే. అసలు విషయం ఆ తర్వాత ఉంది. ఆరు నెలలు విమ్ వాడాక ఆ రెండో ఆగడం పోతుంది. వెతకడం, దిగడం, మార్చడం ఒకే ఊపులో జరిగిపోతాయి. అప్పుడు లెక్క 4.35, మౌస్ కంటే తక్కువ. కీలు మాత్రం అప్పుడూ పదిహేనే! మనిషి నైపుణ్యం పెరిగింది, టైం తగ్గింది, కీలు లెక్కపెట్టే ప్లగిన్ మాత్రం మొదటి రోజు చూపించిన అంకెనే చూపిస్తుంది. ఆ కొలతను పక్కన పెట్టడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

మనసు ఆగే చోట్లు ఎన్ని అన్నదానికి కార్డ్ బృందం నియమాలు ఇచ్చింది. అయినా కొంత మన అంచనా కలుస్తుంది. ఒక్కో పని మీద వాళ్ల మోడల్ చెప్పిన టైంకీ అసలు టైంకీ సుమారు 21 శాతం తేడా వచ్చిందని వాళ్లే రాశారు. కాబట్టి పై లెక్కల్లో దశాంశాల కోసం కొట్టుకోవద్దు, ఏ అంశం ఎంత బరువో చూడండి.

దీనికి పూర్తిగా రెండో కొసన ఉంటారు విమ్‌గోల్ఫ్ ఆడేవాళ్లు. ఒక టెక్స్ట్‌ను ఇంకోదానిగా అతి తక్కువ కీలతో మార్చడం ఆ ఆట. ఆటగా నాకు చాలా ఇష్టం, కమాండ్లు బాగా వస్తాయి. కానీ అక్కడ రెండు కీలు మిగిల్చడానికి పది నిమిషాలు ఆలోచిస్తారు. ఆ అలవాటును ఆఫీసు పనిలోకి తెచ్చుకుంటే ప్రతి మార్పుకీ "ఇంకా చిన్న దారి ఉందా" అని ఆగుతూనే ఉంటాం. చివరి మార్పును మళ్లీ చేసే డాట్ కీ తొమ్మిది సార్లు నొక్కి ముగించే పనికి మ్యాక్రో (కీల వరుసను దాచి మళ్లీ నడిపేది) రాయడం మొదలుపెట్టిన జూనియర్లను చాలామందిని చూశాను. సరదాకైతే సరే, డెడ్‌లైన్ ఉన్న రోజు వద్దని చెబుతాను.

ఇక నిజంగా ఎలా కొలవాలి? కార్డ్ బృందం మొదటే ఒక గీత గీసింది: ఏం చేయాలో అర్థం చేసుకునే టైం వేరు, తెలిసిన పనిని అమలు చేసే టైం వేరు. వాళ్ల మోడల్ రెండోదానికే, అదీ తప్పులు లేకుండా చేసే అనుభవజ్ఞులకే. ప్రోగ్రామర్ విషయంలో ఈ రెండింటినీ విడదీయడమే కష్టమని అందరూ అంటారు. నేను చాలా ఏళ్లుగా వాడుతున్న ఒక తేలిక పద్ధతి ఉంది.

మీరు పోయిన వారం చేసిన ఒక కమిట్, అంటే భద్రపరిచిన ఒక మార్పు, తీసుకోండి. దాని ముందు కమిట్‌కు చెకౌట్ చేయండి, అంటే కోడ్‌ను అప్పటి స్థితికి తీసుకెళ్లండి. పూర్తయిన డిఫ్‌ను (పాత, కొత్త కోడ్‌ల తేడాను) పక్క మానిటర్ మీద పెట్టుకోండి. స్టాప్‌వాచ్ ఆన్ చేసి, ఆ మార్పునే మళ్లీ చేతితో చేయండి, కాపీ పేస్టు లేకుండా. ఈసారి ఆలోచించాల్సిందేమీ లేదు, ఏ ఫైలో తెలుసు, ఏ వరుసో తెలుసు, ఏం రాయాలో కళ్లముందే ఉంది. కాబట్టి స్టాప్‌వాచ్ చూపించే టైం దాదాపు మొత్తం ఎడిటింగ్ ఖర్చే. ఆ పనికి మొదటిసారి మీకు ఎంతసేపు పట్టిందో టికెట్‌లోనో, బ్రాంచ్ చరిత్రలోనో సుమారుగా దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. సగం రోజు పట్టిన పని రెండోసారి పావుగంటలో అయిపోతే, ఎడిటర్ మార్చి మీరు మిగుల్చుకోగలిగింది ఆ పావుగంటలోనే కొంత. మీ మేనేజర్ గారికి మొదట చూపించాల్సింది ఈ రెండు అంకెలే.

ఒకే పనిని రెండు ఎడిటర్లలో పోల్చాలనుకుంటే మాత్రం జాగ్రత్త. రెండోసారి ఎప్పుడూ వేగంగానే అవుతుంది. కాబట్టి సగం పనులు ముందు విమ్‌లో, సగం పనులు ముందు వీఎస్ కోడ్‌లో చేయాలి. రెండు ఎడిటర్లూ బాగా అలవాటైనవాళ్లే ఈ పోలిక చేయాలి. పనుల్లో రకాలు ఉండాలి: ఒక పేరు మార్పు, ఒక ఫంక్షన్‌ను ఇంకో ఫైల్‌లోకి తరలించడం, ఒక పెద్ద కాన్ఫిగ్ ఫైల్ సవరణ, పాత కోడ్‌లో ఒక షరతు జోడించడం.

స్టాప్‌వాచ్ మొత్తం టైం చెబుతుంది, ఆ టైం ఎక్కడ పోయిందో చెప్పదు. దానికి లాగ్ కావాలి. విమ్‌ను ‘డబ్ల్యూ’ ఆప్షన్‌తో, ఒక ఫైల్ పేరిచ్చి తెరిస్తే, మూసేదాకా మీరు నొక్కిన ప్రతి కీ అందులో చేరుతుంది. ఈమ్యాక్స్ అనే ఇంకో ఎడిటర్‌లో ‘ఓపెన్ డ్రిబుల్ ఫైల్’ అని ఇలాంటిదే ఉంది. అంత అక్కర్లేదనుకుంటే కంట్రోల్ హెచ్ నొక్కి ఎల్ నొక్కితే ఇటీవలి కీలను చూపిస్తుంది. వీటిలో టైం ఉండదు, కాబట్టి పక్కన స్క్రీన్ రికార్డింగ్ కూడా పెట్టుకోండి. వీఎస్ కోడ్ వాడేవాళ్లకి స్క్రీన్ రికార్డింగ్ ఒక్కటే చాలు, మెల్లగా నడిపి చూస్తే అన్నీ కనిపిస్తాయి.

కోరమంగళలో ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒక కడప అబ్బాయి ఇలా పూటసేపు విమ్ లాగ్ తీసుకున్నాడు. టైపింగ్ చాలా వేగం, కీబోర్డు మోగిపోయేది. లాగ్ తెరిచి ఇద్దరం పక్కపక్కన కూర్చుని చదివాం. పద్నాలుగు సార్లు జె, వెంటనే మూడు సార్లు కె: కిందికి పరిగెత్తి, దాటిపోయి, వెనక్కి వచ్చాడు. ఆరు సార్లు డబ్ల్యూ, ఒక బి: మళ్లీ అదే, ఈసారి పక్కకి. తర్వాత అక్షరం చెరిపే ఎక్స్ నాలుగు సార్లు, టైపింగ్ మొదలుపెట్టే ఐ, కొత్త పదం. ఇదే నమూనా పేజీల కొద్దీ ఉంది. "అన్నా, నేను రాసిందానికంటే నడిచిందే ఎక్కువ ఉందే" అన్నాడు. అతనికి కావాల్సింది కొత్త ఎడిటర్ కాదు, స్లాష్ నొక్కి వెతికే అలవాటు. ఆ ఒక్కటి మార్చుకున్నాక అతని స్క్రీన్ చూస్తేనే తేడా తెలిసేది.

ఇది అతనొక్కడి సంగతి కాదు. 2006లో ఆండ్రూ కో, ఆయన సహచరులు ఎక్లిప్స్ అనే ప్రోగ్రామింగ్ సాధనంలో జావా కోడ్ మీద పనిచేసే డెవలపర్లను గమనించినప్పుడు, ఫైళ్ల లోపలా ఫైళ్ల మధ్యా తిరగడానికే సగటున 35 శాతం టైం పోతోందని తేలింది. 2018లో ఉద్యోగంలో ఉన్న డెవలపర్ల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో, కోడ్‌ను అర్థం చేసుకోవడానికి సుమారు 58 శాతం టైం పోతోందని వచ్చింది. ఎడిటర్‌ను అంచనా వేసేటప్పుడు "అక్షరాలు ఎంత త్వరగా మారుస్తుంది" కంటే "కావాల్సిన చోటికి ఎంత త్వరగా తీసుకెళుతుంది, వెళ్లిన చోటి నుంచి ఎంత త్వరగా వెనక్కి తెస్తుంది" అన్న ప్రశ్నకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ఒక పేరును నిర్వచించిన చోటికి దూకడం, దాన్ని వాడిన చోట్లన్నీ చూపించడం లాంటివి 2016లో లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ (ఏ ఎడిటర్‌కైనా ఇలాంటి సౌకర్యాలు అందించే ఉమ్మడి పద్ధతి) వచ్చాక ఇప్పుడు రెండు ఎడిటర్లలోనూ దొరుకుతున్నాయి. మీ లంచ్ టేబుల్ వాదనలో సగం అక్కడితోనే తీరిపోవాలి.

మీ టీమ్‌లో ఎవరో "కీలు కాకపోతే డిఫ్ సైజు కొలుద్దాం" అంటారు, అన్నారనే అనుకుంటున్నాను. పాత ఫైల్‌కీ కొత్త ఫైల్‌కీ మధ్య దూరం కొలవడానికి 1965లో లెవెన్‌స్టైన్ ఇచ్చిన కొలత ఉంది: చేర్చడం, తీసేయడం, మార్చడం ఒక్కొక్కటి ఒక యూనిట్. ‘పాట’ను ‘పేట’ చేయడానికి దూరం ఒకటి. బాగానే ఉంది. కానీ నలభై వరుసల ఫంక్షన్‌ను ఫైల్ పైనుంచి కిందికి జరిపితే ఈ కొలతలో వందల యూనిట్లు పడతాయి, ఎడిటర్‌లో అది నాలుగైదు కీల పని. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ మామూలుగా వాడే, మైయర్స్ 1986లో ప్రచురించిన డిఫ్ పద్ధతికీ ‘జరపడం’ అనే ఊహ లేదు, తీసేయడం, చేర్చడం మాత్రమే. అటువైపు, ఒక ‘తక్కువ’ గుర్తును ‘తక్కువ లేదా సమానం’ చేసిన కమిట్ వెనక ఒక పూటంతా ఉండొచ్చు. అంతకుముందు 1977లో మారిస్ హాల్‌స్టెడ్ ప్రోగ్రామ్‌లోని ఆపరేటర్లు (కూడిక లాంటి గుర్తులు), ఆపరాండ్లు (అవి పనిచేసే పేర్లు, అంకెలు) లెక్కపెట్టి, ‘శ్రమ’ అనే అంకె తీసి, దాన్ని 18తో భాగిస్తే సెకన్లు వస్తాయన్నారు. ఇవన్నీ పూర్తయిన టెక్స్ట్‌ను మాత్రమే చూస్తాయి, అక్కడికి మనం ఏ దారిన వచ్చామో వాటికి తెలియదు.

డిఫ్‌ను ఒక్క పనికి మాత్రం వాడతాను: కొట్టిన అక్షరాలు ఎన్ని, చివరికి కమిట్‌లో మిగిలినవి ఎన్ని అని చూడటానికి. ఆ తేడా మరీ పెద్దదైతే, ఎడిటర్ కంటే ముందు పని మొదలుపెట్టే పద్ధతిని చూసుకోవాలి.

మనవాళ్లలో చాలామంది తెలుగు యాప్‌ల స్ట్రింగ్ ఫైళ్ల మీద కూడా పనిచేస్తున్నారు కాబట్టి ఒక మాట. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్లలో లిపులకు వాడే యూనికోడ్‌లో ఆరు కోడ్ పాయింట్లు, అంటే విడివిడి గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఫైల్‌లో మామూలుగా దాచే యూటీఎఫ్ 8 రూపంలో 18 బైట్లు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాల ప్రకారం ఆ మొత్తం ఒకే గుచ్ఛం, అంటే ఒక్క అక్షరంగా చూడాల్సిన ముక్క. పాత నియమాల ప్రకారం మూడు. బాణం కీ ఒక ఎడిటర్‌లో ఒక్కసారి నొక్కితే దాటుతుంది, ఇంకోదానిలో మూడుసార్లు నొక్కాలి. బ్యాక్‌స్పేస్ చాలాచోట్ల ఒక్కో కోడ్ పాయింట్ తీస్తుంది. అందుకే తెలుగు స్ట్రింగులు సవరించేవాళ్ల కీస్ట్రోకుల లెక్కను ఇంగ్లీషు కోడ్ రాసేవాళ్ల లెక్క పక్కన పెట్టడం అన్యాయం. వాళ్లకి ప్రతి దిద్దుబాటులోనూ "ఇప్పుడు కర్సర్ ఎక్కడుంది" అనే ఆగడం ఒకటి అదనంగా ఉంటుంది.

సిస్టమ్ స్పందించే టైం గురించి ఎవరూ మాట్లాడరు, బెంగళూరులో మాత్రం మాట్లాడాలి. 1976 ప్రాంతంలో బిల్ జాయ్ విమ్‌కు మూలమైన వీఐ ఎడిటర్ రాసినప్పుడు ఇంటి నుంచి 300 బాడ్ మోడెమ్ మీద పనిచేసేవారు. సెకనుకు సుమారు 30 అక్షరాలు. 24 వరుసలు, 80 నిలువుల స్క్రీన్‌లో 1,920 అక్షరాలు, అంటే ఒక్కసారి స్క్రీన్ నింపడానికే నిమిషం దాటుతుంది. చిన్న కమాండ్‌తో పెద్ద పని చేసే ఆ పద్ధతి ఆ ఇబ్బందిలోంచి పుట్టింది. ఆ రోజుల టెర్మినల్ ఏడీఎం 3ఏ మీద ఎస్కేప్ కీ ఇప్పటి ట్యాబ్ ఉన్న చోట ఉండేది. ఇవాళ్టి కీబోర్డు మీద ఎస్కేప్ కోసం చెయ్యి చాపేవాళ్లందరూ క్యాప్స్‌లాక్‌ను దానికి మార్చుకోవాలని నా గట్టి సలహా. మణికట్టు నొప్పి కూడా ఖర్చే, అది ఏ లాగ్‌లోనూ పడదు.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీలోనో, మాన్యత టెక్ పార్క్‌లోనో కూర్చుని అమెరికా డేటా సెంటర్‌లోని వర్చువల్ డెస్క్‌టాప్ మీద పనిచేసేవాళ్ల సంగతి చూడండి. కొట్టిన అక్షరం అక్కడికి వెళ్లి, తిరిగి వచ్చి స్క్రీన్ మీద కనిపించడానికి 200 మిల్లీసెకన్లు దాటడం మామూలే. అది ఒక కీ నొక్కే టైంతో సమానం. టైపింగ్ ధారగా సాగేటప్పుడు పర్వాలేదు, కానీ కర్సర్ కదిపి, చూసి, మళ్లీ కదిపేవాళ్లకి ప్రతి అడుగూ నత్తనడకే. అలాంటి చోట రిమోట్‌గా పనిచేసే ఎడిటర్ సౌకర్యం వాడుకుని, ఫైల్ అక్కడే ఉన్నా టైపింగ్ స్పందన మాత్రం మన మెషీన్ మీదే వచ్చేలా చేసుకోవాలి. కమాండ్లు కొట్టే టెర్మినల్ అయితే 2012లో వచ్చిన మోష్ అనే సాధనం ఉంది, సర్వర్ జవాబు కోసం ఆగకుండా అక్షరాన్ని ముందే చూపిస్తుంది. కంపెనీ అనుమతిస్తేనే సుమా.

ఏఐ అసిస్టెంట్లు వచ్చాక మీ మేనేజర్ గారి కొలత ఇంకా పాడైపోయింది. ట్యాబ్ నొక్కితే పద్నాలుగు వరుసలు వచ్చి పడతాయి, కీ ఒక్కటే. వాటిని చదవాలి, నిజమో కాదో తేల్చాలి, మన కోడ్‌కు తగ్గట్టు దిద్దాలి. కీస్ట్రోకుల లెక్కలో ఇది అద్భుతం, స్టాప్‌వాచ్ మీద కొన్నిసార్లు మేలు, కొన్నిసార్లు నష్టం. ఇక్కడ నేను చూసేది ఒక్కటే: ఒప్పుకున్న సూచనలో గంట తర్వాత ఎన్ని వరుసలు యథాతథంగా మిగిలాయి.

ఒక విషయంలో మాత్రం మెత్తబడకండి. అందరి లాప్‌టాప్‌లలో కీలాగర్ (నొక్కిన ప్రతి కీని రాసుకునే ప్రోగ్రామ్) పెట్టడానికి ఒప్పుకోవద్దు. డ్రిబుల్ ఫైల్‌లో పాస్‌వర్డ్‌లు కూడా పడతాయి, ఇక మెషీన్ మొత్తాన్ని వినే ప్లగిన్ సంగతి చెప్పక్కర్లేదు. ఎవరి లాగ్ వాళ్ల దగ్గరే ఉండాలి, చదివాక చెరిపేయాలి, టీమ్‌కు ఇచ్చేది చివరి అంకెలు మాత్రమే, అవీ పేర్లు లేకుండా. ఈ అంకెలు అప్రైజల్‌లోకి వెళతాయని ఒక్కరికి అనుమానం వచ్చినా, మర్నాటి నుంచి అందరూ కొలత కోసమే పనిచేస్తారు. అప్పుడు మీరు సేకరించేదానికి విలువ ఉండదు.

మేనేజర్ గారితో "కీస్ట్రోకుల లెక్క తప్పు" అని మొదలుపెట్టకండి, టెన్షన్ పెరుగుతుంది తప్ప పని జరగదు. "ముగ్గురం, తలా రెండు పాత కమిట్లు, ఒక్క మధ్యాహ్నం ఇవ్వండి సార్" అని అడగండి. మళ్లీ చేసిన టైం, మొదట పట్టిన టైం పక్కపక్కన పెట్టి చూపించండి. మీ టీమ్‌లో రిమోట్ డెస్క్‌టాప్ మీద పనిచేసేవాళ్లుంటే ఆ ముగ్గురిలో ఒకరు తప్పకుండా వాళ్లై ఉండాలి. వచ్చిన అంకెలు ఇక్కడే రాయండి, లాగ్‌లో ఏం వెతకాలో కలిసి చూద్దాం.